తరంగం ప్రవహిస్తుందా?

సందేహం: నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పరీక్షలో ఒక పిల్లవాడు "ధ్వని తరంగాలు గాలిలో ప్రవహించి మన చెవిని చేరతాయి" అని రాశాడు. "ప్రవహించి" కొట్టేసి "ప్రసరించి" అని దిద్దాను, అర మార్కు తీశాను. వార్తల్లో అందరూ ప్రవహిస్తాయనే అంటున్నారు కదా, అది తప్పెలా అవుతుందని పిల్లవాడి తండ్రి నిలదీశారు. ఎవరిది సరి? ఇంకొకటి. అల, కెరటం అని మనకు సొంత మాటలుండగా "ధ్వని అల", "కాంతి కెరటం" అని ఎందుకు అనం?
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, అర మార్కు గొడవలో నన్ను పంచాయతీకి పిలిచారు. తీర్పు చివర్లో చెబుతాను. ముందు తరంగం అనే మాట పుట్టిల్లు చూసి వద్దాం, నాకు అక్కడ కాస్త పని ఉంది.

దీని మూలం సంస్కృతంలో "తౄ" ధాతువు, అంటే మాటలు పుట్టే క్రియామూలం. దాటడం, ఈది అవతలికి చేరడం అని అర్థం. ఈ ధాతువు సంతానం రోజూ మన నోట్లో నలుగుతూనే ఉంటుంది, మనమే గుర్తుపట్టం. నీళ్లు దాటించే పడవ తరి. ఏరు దాటే రేవు తీర్థం. పైనుంచి కిందికి దాటి రావడం అవతారం. సంసారాన్ని దాటితే తరించడం, దాటలేకపోతే అది దుస్తరం. గండం గట్టెక్కే దారి తరణోపాయం. ఈ చివరి మాటను టీవీల్లో, పత్రికల్లో "తరుణోపాయం" చేసి కూర్చోబెట్టారు. తరుణం అంటే సమయమో, లేత వయసో. అందులో గట్టెక్కించే సంగతి ఎక్కడుంది? ఎన్నిసార్లు రాసినా ఎవరూ దిద్దుకోలేదు, ఇప్పుడూ దిద్దుకోరు. సరే, రాసి పెడుతున్నాను.

తరంగం ఆ ఇంటి బిడ్డే. దాటుకుంటూ పోయేది అని అర్థం. మరి దాటేది ఏది? మీ ప్రశ్నకు కీలకం ఇక్కడుంది. వెడల్పాటి తొట్టిలో నీళ్లు పోసి మధ్యలో ఒక ఎండుటాకు వేయండి. నీళ్లు నిలకడ పట్టాక అంచు దగ్గర వేలితో ఒక్కసారి తట్టండి. వలయం బయల్దేరుతుంది. ఆకు కిందికి రాగానే ఆకు లేస్తుంది, పిసరంత ముందుకు వంగుతుంది, దిగుతుంది, మళ్లీ వెనక్కి జరుగుతుంది. వలయం అవతలి అంచును కొట్టుకుని తిరిగి కూడా వస్తుంది. ఆకు మాత్రం ఇంచుమించు వేసిన చోటే ఉంటుంది. అంటే ఆకు కింది నీరు కూడా ఎక్కడికీ పోలేదన్నమాట. తొట్టి దాటింది కదలిక, దాని వెంట శక్తి.

ఇక "ప్రవహించు" సంగతి. దీని ధాతువు "వహ్", మోయడం. వాహనం, ఆవాహన, వివాహం అన్నీ దీని పిల్లలే, అన్నిట్లోనూ ఒకదాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం ఉంది. నది ప్రవహిస్తుంది, ఎందుకంటే నీరే తరలిపోతుంది. విద్యుత్తు ప్రవహిస్తుందంటే నేను అడ్డుచెప్పను. తీగలో విద్యుత్ ఆవేశాలు, నత్తనడకనైనా సరే, నిజంగానే కదులుతున్నాయి. తరంగంలో యానకం, అంటే అది సాగే నీరో గాలో, అలా తరలదు. తౄ దాటమంది, వహ్ మొయ్యమంది. రెండు పనులూ ఒకటి కావు.

ఇక్కడ పోతన గుర్తుకు రాకపోతే నేను నేనే కాదు. ప్రహ్లాదుడి నోట పెట్టిన సీసంలో ఈ పాదం మీకు కంఠస్థమే అయి ఉంటుంది:

"నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు
రాయంచ సనునె తరంగిణులకు"

ఆకాశగంగ చిరుకెరటాల మీద తూగే రాజహంస వేరే ఏళ్లకు పోతుందా అని. తరంగాలు గలది తరంగిణి, అంటే నది. వీచిక చిన్న అల. వ్యాఖ్యానాలు భక్తి దగ్గర ఆగుతాయి, ఆగవలసిందే. నా కన్ను మాత్రం "తూగు" మీద పడుతుంది. తేలు అనలేదు, సాగు అనలేదు. తేలడం అంతకు ముందు పాదంలో తుమ్మెదకు ఇచ్చాడు. హంసకు తూగు ఇచ్చాడు. తూగడమంటే ఉన్నచోటే పైకీ కిందికీ ఊగడం. తూగు నుంచే తూచు, తూనిక. త్రాసు పళ్లెం తూగుతుంది, దుకాణం దాటి పోదు. కుర్చీలో తూగేవాడి తల వాలుతుంది, లేస్తుంది, మళ్లీ వాలుతుంది, కుర్చీ అక్కడే ఉంటుంది. మీ తొట్టిలో ఆకు చేసిన పనికి ఇంతకంటే సరిగ్గా తూగే మాట మన భాషలో నాకు కనిపించలేదు.

మందాకిని నదే కదా, అందులో ప్రవాహం ఉండదా అని మీరు అడ్డుపడవచ్చు. ఉంటుంది. అందుకే ఈ బొమ్మ నాకు ఇంకా ఇష్టం. ఒకే నీటిలో రెండు పనులు జరుగుతున్నాయి. ప్రవాహం హంసను వాలుకు లాగుతుంది, వీచిక దాన్ని తూగిస్తుంది. లాగేదీ తూగించేదీ ఒకటే అనుకున్న రోజున "తరంగాలు ప్రవహిస్తాయి" అనే వాక్యం పుడుతుంది. పోతన భౌతికశాస్త్రం చెప్పాడని నేననడం లేదు. అన్నీ మన పద్యాల్లోనే ఉన్నాయనే జాతి నాది కాదు. కళ్లు తెరిచి నీటిని చూసినవాడికి సరైన క్రియ దొరికిందంటున్నాను, అంతే.

మీ పిల్లవాడు రాసింది ధ్వని గురించి గనక దాని లెక్క కూడా చూద్దాం. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. గంటకు 1,200 కిలోమీటర్ల పైచిలుకు. ధ్వని నిజంగా ప్రవాహమే అయితే, ఎదురుగా నిలబడి "ఏమండీ" అని పిలిస్తే ఏ తుఫానుకూ లేని వేగంతో గాలి వచ్చి ఎదుటివారి మొహం మీద పడాలి. పడటం లేదు కదా! మామూలు మాటకు గాలి కణం ముందుకూ వెనక్కూ ఊగే మేర మిల్లీమీటర్లో వెయ్యోవంతు కూడా ఉండదు. ఊగి, పక్కదాన్ని నెట్టి, తన చోటికి వస్తుంది. గాలి ఒకచోట ఒత్తుకుంటుంది, ఒకచోట పలచబడుతుంది. ఆ ఒత్తిడే చెవిదాకా వస్తుంది. ఊగే దిక్కూ సాగే దిక్కూ ఒకటే గనక ఇది అనుదైర్ఘ్య తరంగం. అడ్డంగా ఊగితే తిర్యక్ తరంగం. జంతువులను తిర్యక్కులు అనేదీ ఈ మాటతోనే, వాటి ఒళ్లు అడ్డంగా ఉంటుంది గనక.

మన తార్కికులు దీన్ని చాలా దూరం ఆలోచించారు. ఒక అల ఇంకో అలను, అది మరో అలను పుట్టించినట్టు శబ్దం శబ్దాన్ని పుట్టిస్తూ చెవిని చేరుతుందన్నారు. దానికి "వీచీతరంగన్యాయం" అని పేరు. నీటి వలయం చాలదు, శబ్దం అన్ని దిక్కులకూ పోతుంది కదా అన్నవాళ్లు కదంబ పువ్వును ఉపమానం తెచ్చారు. గుండ్రటి బంతి మీద అన్ని వైపులా ఒక్కసారే విచ్చుకునే కేసరాలు! గోళాకార తరంగానికి ఇంత అందమైన బొమ్మ మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకు తెలియదు. అయితే వాళ్లు శబ్దాన్ని ఆకాశానికి గుణంగా చెప్పారు, అది నిలవలేదు. 1660లో రాబర్ట్ బాయిల్ ప్రచురించిన గాలిపంపు ప్రయోగాల్లో, పాత్రలోంచి గాలి తోడేసినకొద్దీ లోపల వేలాడదీసిన గడియారం చప్పుడు సన్నగిల్లిపోయింది. ఊగడానికి ఏదో ఒకటి ఉండాలి.

కాంతికి అదీ అక్కర్లేదు. విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం సాగే దిక్కుకు అడ్డంగా ఊగుతూ, శూన్యంలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. అక్కడ నీరూ లేదు, ఆకూ లేదు. కాబట్టి కాంతి విషయంలో తరంగం అనే మాటే ఉపమానం. ప్రవాహం మాటే ఎత్తకూడదు అందామంటే, కాంతిని కణాల వానగా చూసే చూపు కూడా ఉంది, ఆ మాట 1905లో ఐన్‌స్టైన్ అన్నాడు. అక్కడ నా వ్యాకరణం కాస్త నీళ్లు నమలవలసిందే.

ఇక మీరు దిద్దిన "ప్రసరించు". దీని ధాతువు "సృ", జరగడం, పాకడం. వెలుగుకూ ధ్వనికీ బాగా నప్పుతుంది. కానీ రక్తప్రసరణలో రక్తమే కదులుతుంది చూడండి. కాబట్టి పదార్థం కదలనప్పుడే ప్రసరించు అనాలన్న నియమం ఏదీ లేదు. మీ దిద్దుబాటు మంచిదే, పిల్లవాడి తండ్రి పట్టుబడితే వాదించి గెలిచేంత గట్టిది మాత్రం కాదు. పైగా తరంగం శక్తిని మోసుకుపోతుంది, అందువల్ల "శక్తి ప్రవహిస్తుంది" అంటే నేను కాదనలేను. "తరంగం ప్రవహిస్తుంది" అంటేనే పళ్లు పులుస్తాయి. నన్నడిగితే "సాగుతుంది" అంటాను. అచ్చతెలుగు, ఏ ధాతువుతోనూ తగాదా లేదు.

రెండో ప్రశ్న. "ధ్వని అల" అనడానికి వ్యాకరణం అడ్డు కాదు, వాడుకే అడ్డు. శాస్త్రపదాలు కట్టినవాళ్లు తరంగాన్ని ఎంచుకున్నారు, దానితో తరంగదైర్ఘ్యం, తరంగవేగం వరసగా అతికాయి. అల ద్రావిడ మాట, తమిళంలో అలై, కన్నడంలో అలె. మన అల్లాడడం దీని చుట్టమే అనిపిస్తుంది. కెరటం నా చెవికి ఒడ్డున విరిగిపడేది. నడిసముద్రంలో ఉన్నంతసేపు అల, ఒడ్డుకొచ్చి తల విరగ్గొట్టుకున్నప్పుడు కెరటం. అక్కడ మాత్రం నీరు నిజంగానే ముందుకు దూకుతుంది. నిఘంటువులు ఈ తేడా చూపవు, నాది చెవి సాక్ష్యం మాత్రమే. అందుకే "ధ్వని అల" అంటే ఊరుకుంటాను, "కాంతి కెరటం" కవిత్వంలో ఉండనివ్వండి. అమరకోశం కట్టిన అమరసింహుడు పెద్ద అలలకు ఉల్లోలం, కల్లోలం అని విడిగా పేర్లు పెట్టాడు. కంపన పరిమితి, అంటే ఊగే మేర, ఎక్కువైతే పేరు మారుతుందన్నమాట! మనం కల్లోలాన్ని మనసుకూ రాజకీయాలకూ అప్పగించేశాం. గాలి "వీచడం" తెలుగు క్రియ, "వీచి" సంస్కృతం. రెండిటికీ చుట్టరికం కలిపే పండితులకో దండం.

తీర్పు అడిగారు కదా. "ప్రవహించి" కింద ఎర్రసిరా గీత ఉండనివ్వండి, అర మార్కు తిరిగి ఇచ్చేయండి. లోకమంతా చేసే తప్పుకు ఒక్క పిల్లవాడు జరిమానా కట్టడం న్యాయం కాదు. అయితే మీరు పంపిన జవాబుపత్రం నకలులో మూడో ప్రశ్న దగ్గర "తరంగ ధైర్ఘ్యం" అని వత్తు ధ కనిపించింది. దీర్ఘం నుంచి వచ్చింది దైర్ఘ్యం. ధైర్యంతో దానికి పనిలేదు. పక్కనే "పౌనపున్యం" అని విసర్గ మింగేశాడు. పునఃపునః, అంటే మళ్లీమళ్లీ జరగడం, అందులోంచి పౌనఃపున్యం. ఆ రెండు చోట్లా మీరు మార్కు తీయలేదు. తీయవలసింది అక్కడ.