అగ్నిభద్రత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హనుమకొండ నక్కలగుట్టలో మాదొక బిల్డింగ్. కింద మడిగెలు, పైన నాలుగంతస్తులు. మొదటి అంతస్తులో ల్యాబ్, రెండో దాంట్లో కోచింగ్ సెంటర్, పై రెండింటిలో ఆడపిల్లల హాస్టల్ నడుస్తున్నాయి. అందరికీ కలిపి మెట్లు ఒక్కటే. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) పెద్ద టవర్లకే గానీ మాలాంటి వాళ్లకు అక్కర్లేదని బిల్డర్ అంటున్నారు. నిజమేనా? ఏదైనా జరిగితే బాధ్యత ఓనర్‌దా, కిరాయిదార్లదా?

జవాబు: బిల్డర్ మాట నమ్మి ఊరుకోకండి. మన రాష్ట్రంలో నివాస భవనాలకు 18 మీటర్లు, వాణిజ్య భవనాలకు 15 మీటర్ల ఎత్తు దాటితే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలి. బడులు, ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్లలాగా జనం గుమిగూడే చోట్లకు లెక్క ఇంకా కఠినం. అక్కడ స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా తీసుకోవాల్సిందే. ఒక్కో అంతస్తు 3 మీటర్లే అనుకున్నా మీ బిల్డింగ్ 15 మీటర్ల దగ్గరికి వస్తోంది. పైగా లోపల కోచింగ్ సెంటర్ ఉంది, దాన్ని జనం గుమిగూడే చోటుగా లెక్కేయవచ్చు. టేపు పెట్టి ఎత్తు కొలిపించి, ఏ అంతస్తులో ఏం నడుస్తోందో రాసి జిల్లా అగ్నిమాపక అధికారికి దరఖాస్తు ఇవ్వండి. జవాబు కాగితం మీదే తీసుకోండి.

ఎన్‌ఓసీ అక్కర్లేదని తేలినా పని అయిపోదు. మెట్లు, మీటర్ల బోర్డు, సెల్లార్, టెర్రస్ అందరివీ కాబట్టి వాటిని ఓనర్ చూసుకోవాలి, అసోసియేషన్ ఉంటే అసోసియేషన్ చూసుకోవాలి. మడిగె లోపలి వైరింగ్, సరుకు, అక్కడ పనిచేసే వాళ్ల భద్రత ఆ మడిగె నడిపే వారివి. కిరాయి ఒప్పందంలో ఈ రెండూ వేర్వేరుగా రాయించండి. మంటలార్పే సిలిండర్లు ఎవరు నింపించాలి, రాత్రి తాళాలు ఎవరి దగ్గర ఉండాలి అన్న రెండు ముక్కలు ఎక్కువ ఒప్పందాల్లో ఉండవు. గొడవంతా అక్కడే వస్తుంది.

ఇక ప్రమాద అంచనా. దీనికి కన్సల్టెంట్‌ను పిలిచే ముందు మీరే ఒక పూట కేటాయించండి. ప్రతి అంతస్తుకూ ఒక కాగితం మీద బొమ్మ గీసి, నిప్పు పుట్టే చోట్లు, మండే సరుకు, మనుషులు నిద్రపోయే గదులు గుర్తు పెట్టండి. ఆ తర్వాత పై అంతస్తు నుంచి మెట్ల మీదుగా కిందికి దిగుతూ చూడండి. మీ బిల్డింగ్‌లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఆ మెట్లదారిలోనే ఉంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట పుడితే, పైన లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. పొగ మెట్ల గుండానే పైకి వెళ్లింది. 2023 మార్చిలో అక్కడే స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక ఆరుగురు పోయారు. వాళ్లలో మన ఉమ్మడి వరంగల్ జిల్లా పిల్లలున్నారు. మంట కింద ఉంటే మెట్లు పొగగొట్టం అవుతాయి. కాబట్టి ప్రతి అంతస్తులో మెట్లకూ లోపలి గదులకూ మధ్య దానంతట అదే మూసుకునే ఫైర్ డోర్ ఉండాలి. గాలి రావాలని దానికి ఇటుక అడ్డం పెడితే ఆ తలుపు ఉన్నా లేనట్టే.

మెట్ల కింద మీటర్ల బోర్డు ఉందా? మన దగ్గర చాలా బిల్డింగుల్లో ఉంటుంది. దాని పక్కన అట్టపెట్టెలు, చెప్పుల స్టాండు, పాత ఫ్లెక్సీలు ఉంటే ఈ రోజే తీయించండి. బోర్డును మార్పించే వీలుంటే మార్పించండి. వీలు కాకపోతే కనీసం ఏడాదికోసారి కరెంటు ఆపి టెర్మినల్ స్క్రూలన్నీ ఎలక్ట్రీషియన్ చేత బిగించాలి. అల్యూమినియం తీగ వేడికి సాగి చల్లబడ్డాక కుదించుకుంటుంది, దాంతో స్క్రూ వదులవుతుంది. వదులైన చోట వేడి పుట్టి ఇన్సులేషన్ కరుగుతుంది. తీసుకునే కరెంటు పెరగదు గనక ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆపేసే స్విచ్) పడిపోదు. "ఎంసీబీ ఉందిగా" అనే ధీమా ఇక్కడ పనిచేయదు. కేబుళ్లు స్లాబు దాటే రంధ్రాలను మంట తట్టుకునే సీలెంట్‌తో మూయించండి. మామూలు ఫోమ్ స్ప్రే వద్దు, అది అంటుకుంటుంది.

హాస్టల్ సంగతి విడిగా చెప్పాలి. రాత్రి గ్రిల్‌కు తాళం వేసి వార్డెన్ తాళంచెవి తన గదిలో పెట్టుకుంటే, పొగలో దాన్ని వెతికే టైం దొరకదు. లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే, బయటి నుంచి తెరవలేని గడియ పెట్టించండి. టెర్రస్ తలుపుకూ అదే పద్ధతి. కిటికీ గ్రిల్లుల్లో గదికొకటైనా లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలి. పొగ డిటెక్టర్ మోత తలుపులు మూసి, ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు పై అంతస్తు చివరి గదిలో వినపడుతుందో లేదో రాత్రిపూటే పరీక్షించండి. పెద్ద భవనాలకు జాతీయ భవన నిర్మాణ నియమావళి మొదటి రెండేళ్లు మూణ్నెల్లకోసారి, తర్వాత ఆర్నెల్లకోసారి డ్రిల్ చేయమంటుంది. హాస్టల్‌లో ప్రతి కొత్త బ్యాచ్‌తో ఒకసారి చేయాలి. లిఫ్టు వాడకూడదు, పొగలో వంగి నడవాలి, 101కి ఎవరు ఫోన్ చేయాలి అన్నవి డ్రిల్‌లోనే తేలిపోవాలి.

ఒకే మెట్లున్న ఇలాంటి భవనంలో పై రెండు అంతస్తుల్లో నిద్రపోయే వాళ్లను పెట్టడం సరైంది కాదని మా అభిప్రాయం. బయట ఇనుప మెట్లు కట్టించడానికి స్థలం ఉంటే ఇంజినీరుతో మాట్లాడండి. లేకపోతే హాస్టల్‌ను మరోచోటికి మార్చడమే మంచిది.

ప్రశ్న: జమ్మికుంట దగ్గర మా జిన్నింగ్ మిల్లులో పత్తి కుప్పకు నిప్పంటుకుంటే మంటలార్పే పొడి ఉన్న సిలిండర్లతో ఆర్పేశాం. కొంతసేపటికి అదే కుప్ప మళ్లీ రగిలింది. సిలిండర్లు నాసిరకమా?

జవాబు: సిలిండర్ల తప్పు కాదు. పొడి పైమంటను ఆర్పుతుంది గానీ, పత్తి లోపల మంట లేకుండా కణకణలాడుతూ నిప్పు పాకుతుంది. అక్కడికి పొడి చేరదు. కార్బన్ డయాక్సైడ్ ఇంకా పనికిరాదు, ఎగిరిపోయాక నిప్పు మళ్లీ లేస్తుంది. పత్తికి నీళ్లే మందు. నీళ్లు ధారగా కొడితే నిప్పుతో ఉన్న దూది ఎగిరి పక్క కుప్ప మీద పడుతుంది కాబట్టి నాజిల్‌ను స్ప్రే మీద పెట్టండి. ముందు ఆ వైపు కరెంటు ఆపాలి. తడిపిన తర్వాత కుప్పను పాయలుగా విడదీసి మళ్లీ తడపాలి, రాత్రంతా ఒక మనిషిని కాపలా ఉంచాలి.

నిప్పు ఎక్కువగా పుట్టేది రాయి, మేకు, బోల్టు లాంటివి పత్తితో పాటు యంత్రంలోకి వెళ్లి రాపిడికి నిప్పురవ్వ లేచినప్పుడు. ఫీడింగ్ దగ్గర అయస్కాంతం, రాళ్లు పట్టే పెట్టె పెట్టించి, షిఫ్టు షిఫ్టుకూ శుభ్రం చేయించండి. రవ్వ పత్తిని పీల్చే సక్షన్ పైపులో పడితే ఫ్యాన్ గాలికి ఒక్క ఊపున అవతలి గదికి చేరుతుంది. అందుకే వాసన రాగానే ముందు ఆపాల్సింది ఫ్యాను. దీని స్విచ్ ఆపరేటర్ చేతికి అందే చోట ఉండాలి. బేరింగుల చుట్టూ చుట్టుకున్న నూగును యంత్రం ఆపాకే తీయించండి. ఆ రోజు ప్రెస్సులో పడిన బేళ్లను (నొక్కి కట్టిన పత్తి మూటలను) గోదాంలోకి పంపకుండా ఆరుబయట విడివిడిగా ఉంచండి. ఒత్తిడి కింద నిప్పు రోజుల తరబడి లోపలే రగులుతుంది. కుప్పల మధ్య ఫైరింజన్ తిరిగేంత దారి వదలాలి. కుప్పల మీదుగా కరెంటు తీగలు పోకూడదు. సరుకు తెచ్చే ట్రాక్టర్లను సైలెన్సర్‌కు రవ్వలాపే జాలీ లేకుండా లోపలికి రానివ్వొద్దు.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948, 38వ సెక్షన్ చెప్పినట్టు కార్మికులందరికీ బయటపడే దారులు, ఆపదలో ఏం చేయాలో తెలిసి ఉండాలి. సీజన్‌కు వచ్చే కూలీలకు కూడా మొదటి రోజే చూపించండి.

ప్రశ్న: మంటలార్పే సిలిండర్ మీద ఒత్తిడి చూపే ముల్లు పచ్చలోనే ఉంది. అయినా సర్వీసింగ్ అవసరమా?

జవాబు: అవసరం. ముల్లు లోపలి గ్యాస్ ఒత్తిడినే చెబుతుంది, పొడి గడ్డకట్టిందో లేదో చెప్పదు. నెలకోసారి సిలిండర్‌ను తిరగేసి కదిలించండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు ముల్లే ఉండదు, దాన్ని తూకం వేయాలి. గ్యాస్ పదో వంతుకు మించి తగ్గితే నింపించండి. ఏ మూల నుంచైనా సిలిండర్‌ దగ్గరికి నడక 15 మీటర్లు మించకూడదు.

ప్రశ్న: కరీంనగర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏడెనిమిది ఎలక్ట్రిక్ స్కూటర్లు ఛార్జింగ్ పెడుతున్నారు. వద్దంటే గొడవవుతోంది.

జవాబు: పూర్తిగా వద్దనకండి, చోటు మార్చండి. మెట్లకూ లిఫ్టుకూ దూరంగా, గాలి ఆడే గోడ పక్కన, వీలైతే సెల్లార్ బయట ఒక చోటు కేటాయించండి. ఒక్కో స్కూటర్‌కు విడిగా 16 ఆంపియర్ సాకెట్, దానికి ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు నిషేధించండి. బ్యాటరీ విప్పి ఫ్లాటులో గుమ్మం పక్కన ఛార్జింగ్ పెట్టడం ఇంకా ప్రమాదం, అంటుకుంటే బయటికి దారే ఉండదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే పొడి సిలిండర్‌తో కుస్తీ పట్టకుండా మెయిన్ ఆపి, జనాన్ని బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. దాన్ని చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి, ఆ పొగ విషం. ఆరిపోయిన స్కూటర్‌ను మళ్లీ సెల్లార్‌లో పెట్టవద్దు. గంటల తర్వాత కూడా తిరిగి అంటుకోవచ్చు గనక గోడలకూ వేరే బండ్లకూ దూరంగా ఆరుబయట ఉంచండి.