మూడు పడవల మీద కాళ్లు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగు షార్ట్ ఫిల్మ్స్ తీశాను, డైరెక్టర్ అవ్వాలని ఉంది. ఫ్రెండ్‌తో కలిసి సినిమావాళ్లకు పనికొచ్చే టెక్నాలజీ కంపెనీ పెట్టాలనీ ఉంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకంటుంది అమ్మ, నావేమో మూడు. ఉద్యోగం మానేయనా?
- ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ఇప్పుడే మానకండి. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీ అమ్మగారికి టెన్షన్ తగ్గుతుంది, మిగతాది మనం తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మూడు పడవలంటున్నారు గానీ, తెలుగువాళ్లలో తొలిరోజుల్లోనే సినిమా జోలికెళ్లిన రఘుపతి వెంకయ్య నాయుడు గారికి అవన్నీ ఒకే పడవ. మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకునే మనిషి బయటి దేశం నుంచి యంత్రం తెప్పించి బొమ్మలు చూపించారు, గెయిటీ థియేటర్ కట్టారు, కొడుకు ప్రకాశ్‌ని సినిమా పని నేర్చుకోమని విదేశాలకు పంపారు, ఇంతా అయ్యాక 1921లో వాళ్ల సినిమా 'భీష్మ ప్రతిజ్ఞ' వచ్చింది.

అది పాతకాలం అంటారా, చెన్నైలో జయేంద్ర పంచాపకేశన్, సెంథిల్ కుమార్ 1986లో రియల్ ఇమేజ్ అనే సినిమా టెక్నాలజీ కంపెనీ పెట్టారు. కంప్యూటర్ మీద ఎడిటింగ్ చేసే అవిడ్‌ను మన సినిమావాళ్లకు అలవాటు చేసింది వాళ్లే, థియేటర్లలో డిజిటల్‌గా బొమ్మ వేసే క్యూబ్ కూడా వాళ్లదే. ఆ జయేంద్ర సిద్ధార్థ్‌తో '180' సినిమా తీసింది 2011లో. లెక్కేసుకోండి, పాతికేళ్లు! మధ్యలో యాడ్స్ తీస్తూనే ఉన్నారనుకోండి, అలవాటు మాత్రం తప్పనివ్వలేదు.

మీరు కూడా యాప్ ఏం చేద్దామా అని ల్యాప్‌టాప్ ముందు కూర్చోకండి. లీవు పెట్టి పది రోజులు ఏదైనా చిన్న సినిమా సెట్‌లో ఉండండి, జీతం అడక్కుండా, ఎవరేం చెప్తే అది చేస్తూ, ఎవరు దేని గురించి తిట్టుకుంటున్నారో వినండి. నేను పనిచేసిన ఒక సినిమాకి వేరే చోట కాపీ తీయకుండానే కెమెరా మెమరీ కార్డు ఫార్మాట్ చేసేశారు, ఒక పూట షూటింగ్ గోవిందా. ఆ రాత్రి మేనేజర్ మొహం చూసి ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ అమ్ముడుపోతుందో మీకు చెప్పాల్సిన పనే ఉండేది కాదు. మీరు చేసింది ముందు మీ ఐదో షార్ట్ ఫిల్మ్‌కే వాడండి, అక్కడే పనిచేయకపోతే నిర్మాతకేం చూపిస్తారు?

డబ్బు సంగతి. చిన్న నిర్మాతలు నెలనెలా చందా కట్టడం కష్టం, సినిమాకి ఇంత అని మాట్లాడుకోండి. "రిలీజయ్యాక చూద్దాం బ్రదర్" అంటే నవ్వి అడ్వాన్స్ అడగండి. ఫ్రెండ్‌తో వాటాలు, రాసిన కోడ్ ఎవరిది, ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఏంటి, ఇవన్నీ కాగితం మీద పెట్టి సంతకాలు చేసుకోండి. ఇద్దరూ మంచి మూడ్‌లో ఉన్న ఈ నెలలోనే.