క్షమాపణ చెప్పిన యంత్రం మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లె. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాను. తామర పురుగు పడితే మందు కొనడానికి వెళ్లాను. కొట్లోవాళ్లే నా ఫోనులో కంపెనీ యాప్ వేసి, ఏ సందేహం ఉన్నా దీన్ని అడగండి, తెలుగులోనే చెబుతుంది అన్నారు. అందులోని కృత్రిమ మేధ చెప్పినట్టే అక్కడ కొన్న రెండు మందులు కలిపి పిచికారీ చేశాను. నాలుగు రోజుల్లో ఆకు మాడి, పూత రాలిపోయింది. మా అబ్బాయి మళ్లీ అడిగితే ‘క్షమించండి, పొరపాటు నాదే, ఆ రెండూ కలపకూడదు’ అంది. కంపెనీవాళ్లు మాత్రం అది యంత్రం తనంతట తాను చెప్పిన మాట, మాకు సంబంధం లేదు, యాప్‌లో ముందే రాశాం అంటున్నారు. తప్పు ఒప్పుకుంది కదా, దాని మీదే కేసు వేయవచ్చా? పోలీసుల దగ్గరకు వెళ్లాలా?

జవాబు: ముందు ఆ క్షమాపణ సంగతి చూద్దాం. కోర్టు దృష్టిలో ఒప్పుకోలు అంటే కక్షిదారు గాని, అతని తరఫున మాట్లాడే అధికారం ఉన్న మనిషి గాని చెప్పిన మాట. మీ ఫోనులోని యంత్రం ఈ రెండింటిలో ఏదీ కాదు. ‘పొరపాటు నాదే’ అన్నంత మాత్రాన దానికి మనసు చివుక్కుమన్నట్టు కాదు. నిలదీసినప్పుడు మనుషులు ఎలా బదులిస్తారో లెక్కలేనన్ని వాక్యాల నుంచి నేర్చుకుని, ఆ వరస మాటలు పేర్చింది. మీ అబ్బాయి ‘కలిపి కొట్టడమే సరైన పద్ధతి కదా’ అని గట్టిగా అడిగి ఉంటే దానికీ తల ఊపి ఉండేదేమో.

మా ఆఫీసులోనే ఇలాంటిది జరిగింది. ఒక జూనియర్ మా వాదనకు అచ్చంగా సరిపోయే తీర్పు పట్టుకొచ్చాడు. కేసు నంబరు, జడ్జి పేరు, పేజీ సంఖ్య అన్నీ ఉన్నాయి, తీర్పు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. యంత్రాన్ని అడిగితే మీ అబ్బాయికి చెప్పినంత మర్యాదగానే క్షమాపణ చెప్పింది. అదే నేను దాఖలు చేసి ఉంటే జడ్జిగారు చూసేది నా ముఖం వైపు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు ఇలాగే లేని తీర్పులు దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. ఆ తీర్పులు కల్పించిన యంత్రానికి ఎవరూ సమన్లు పంపలేదు.

అలాగని ఆ సంభాషణ పనికిరానిదేమీ కాదు. ఒకే సంగతికి ఆ యాప్ ముందు ఒక జవాబు, పంట పోయాక దానికి విరుద్ధమైన జవాబు ఇచ్చింది. నమ్మదగని సాధనాన్ని రైతు చేతిలో పెట్టారని చూపించడానికి అది మంచి సాక్ష్యం.

ఇక యంత్రాన్ని ప్రతివాదిగా నిలబెట్టవచ్చా అన్నది. మన చట్టం మనుషులను మాత్రమే వ్యక్తులుగా గుర్తిస్తుందని అనుకోకండి. మీ కౌలు పొలం దేవుడి మాన్యమైతే దాని యజమాని సాక్షాత్తూ ఆ దేవుడే. విగ్రహం చట్టం ముందు వ్యక్తేనని బ్రిటిష్ కాలంలో మన పై కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ 1925లోనే చెప్పింది. 2000లో సుప్రీం కోర్టు గురు గ్రంథ్ సాహిబ్‌కూ ఆ హోదా ఉందన్నది. గంగ, యమున నదులను వ్యక్తులుగా ప్రకటిస్తూ 2017లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఇచ్చిన తీర్పును మాత్రం సుప్రీం కోర్టు నిలిపివేసింది. విగ్రహానికి మనసు ఉందా లేదా అని కోర్టులు తర్కించలేదు. దేవుడికి ఆస్తి ఉంది, ఆయన తరఫున నిలబడి జవాబు చెప్పే మనిషి ఉన్నాడు. కంపెనీ సంగతీ అంతే. మీ ఫోనులోని సహాయకుడికి సెంటు భూమి లేదు, బ్యాంకు ఖాతా లేదు, జైలంటే భయమూ లేదు. దాని మీద డిక్రీ తెచ్చుకున్నా దేన్ని జప్తు చేయిస్తారు?

ఐరోపా పార్లమెంటు 2017లో ఒక తీర్మానం చేస్తూ, బాగా తెలివి మీరిన రోబోలకు ‘ఎలక్ట్రానిక్ వ్యక్తి’ హోదా ఇచ్చే ఆలోచనను పరిశీలించమన్నది. నిపుణులు చాలామంది వ్యతిరేకించారు. చివరికి 2024లో అక్కడ వచ్చిన కృత్రిమ మేధ చట్టం ఆ జోలికి పోకుండా, తయారుచేసేవారి మీద, వాడకంలో పెట్టేవారి మీద బాధ్యతలు పెట్టింది. నా ఉద్దేశంలో అదే సరైనది. యంత్రానికి వ్యక్తి హోదా ఇస్తే ముందుగా సంతోషించేది యంత్రం కాదు, ఖాళీ జేబు ఉన్న ఒక ముద్దాయిని ముందుకు తోసి తాను వెనక నిలబడగల కంపెనీ.

మన పల్లెల్లో అచ్చోసిన ఆంబోతు అన్న మాట ఉంది. ముద్ర వేసి దేవుడి పేర వదిలేశాక అది ఎవరి చేలో పడి మేసినా అడిగే నాథుడు ఉండడు. మీ కంపెనీ తన యంత్రాన్ని అలా చూపించాలనుకుంటోంది. చట్టం అందుకు ఒప్పుకోదు. తన దగ్గరున్న పశువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా జాగ్రత్త పడని వాడికి నేరాలు, శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ శిక్ష విధిస్తుంది, పశువుకు కాదు. ఏడేళ్లలోపు పిల్లవాడు చేసింది నేరమే కాదని అదే సంహిత 20వ సెక్షన్ అంటోంది. తప్పొప్పులు తెలిసి చేసినవాడినే నేరస్థుడనాలన్నది పాత సూత్రం. యంత్రం ఆ గడప దాటలేదు.

కంపెనీ వాదన కొత్తదేమీ కాదు. కెనడాలో ఒక ప్రయాణికుడు అమ్మమ్మ చనిపోయి టిక్కెట్ కొంటూ, అలాంటి ప్రయాణాలకు ఇచ్చే రాయితీ గురించి ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైట్‌లో ప్రశ్నలకు జవాబులిచ్చే యంత్రాన్ని, అంటే చాట్‌బాట్‌ను అడిగాడు. టిక్కెట్ తీసుకున్న 90 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవచ్చని అది చెప్పింది. అది తప్పు. డబ్బు అడిగితే, చాట్‌బాట్ చేసినదానికి చాట్‌బాటే బాధ్యురాలు అన్న అర్థం వచ్చేలా సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చి, సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమన్నది. వెబ్‌సైట్‌లోని ప్రతి మాటకూ, అది మామూలు పేజీలోదైనా చాట్‌బాట్‌దైనా, సంస్థదే బాధ్యత అన్నది.

ఆ తీర్పు మన వినియోగదారుల కమిషన్లను కట్టిపడేయదు. అంత దూరం పోనవసరమూ లేదు. మన సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 11వ సెక్షన్ తీయండి. ఒకరి తరఫున తనంతట తాను పనిచేసేలా అమర్చిన వ్యవస్థ పంపిన సందేశం ఆ వ్యక్తి పంపినట్టే అంటుంది. అంటే ‘రెండూ కలిపి కొట్టండి’ అన్నది కంపెనీయేనని మనం వాదించవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఇంకా ముచ్చటైన పోలిక ఉంది. మైనరు కుర్రాడిని ఏజెంటుగా పెట్టుకుంటే, అతను చేసిన పనికి బయటివారి ముందు యజమాని కట్టుబడాలి. యజమానికి మాత్రం ఆ కుర్రాడు జవాబుదారీ కాడు. ఏజెంటు బాధ్యత మోయలేనివాడైనంత మాత్రాన యజమాని బాధ్యత ఎగిరిపోదని ఈ చట్టానికి నూట యాభై ఏళ్ల కిందటే తెలుసు.

ఏం చెబుతుందో మాకే ముందుగా తెలియదు అని కంపెనీ అనవచ్చు. ఇలాంటి వ్యవస్థల విషయంలో అది చాలావరకు నిజమే. అయితే నోట ఏమొస్తుందో తెలియనివాడిని పురుగుమందు మోతాదు చెప్పే కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు? మీ లాయరు నిలదీయవలసింది దాని గురించే.

మీకు దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. రైతు వినియోగదారుడు కాడని వాదిస్తే, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. అది మన తెలుగు రైతుల కేసే. అసలు చిక్కు వేరే ఉంది. ఉచితంగా చేసే సేవ ఈ చట్టం కిందకు రాదు, యాప్ ఉచితం. కాబట్టి యాప్‌ను విడిగా చూపించకండి. మందు అమ్మడానికి, దాన్ని వాడించడానికి పెట్టిన ఏర్పాటు అది, మీరు మందుకు కట్టిన ధరలోనే దాని ఖరీదూ ఉందని రాయండి. ‘ముందే రాశాం’ అన్న వాక్యం చూసి బెదరనక్కరలేదు. అమ్మేటప్పుడు నమ్మమని, నష్టం వచ్చాక ఎందుకు నమ్మావని అడగడాన్ని కమిషన్ తేలిగ్గా తీసుకోదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. మందుతో పాటు కరపత్రం వస్తుంది. మోతాదు, జాగ్రత్తలు అందులో ఉంటాయి. చదివారా అని అవతలి లాయరు తప్పక అడుగుతాడు. చదవకపోతే చదవలేదనే చెప్పండి. కొట్లోవాళ్లే యాప్‌ను నమ్మమన్నారు కాబట్టి చదవలేదన్నది నమ్మదగిన జవాబే. అయినా పరిహారంలో కొంత కోత పడవచ్చు.

పోలీసుల దగ్గరకు ఇప్పుడే వెళ్లవద్దు. మోసం కేసుకు మొదటి నుంచీ దురుద్దేశం ఉండాలి. తప్పుడు సలహా అంత దూరం రాదు.

మాడిన మొక్కలు పీకకముందే ఉద్యాన అధికారికి అర్జీ ఇచ్చి పొలం చూపించండి. గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలతో పరిశీలన చేయించమని అందులోనే అడగండి. పురుగు వల్ల పోయిందా, మందు వల్లా అన్నది కేసుకు ప్రాణం. బిల్లులు, ఖాళీ సీసాలు, వాటి బ్యాచ్ నంబర్లు, కౌలు కార్డు దాచండి. ఫోను మార్చవద్దు, యాప్ తీసేయవద్దు. సంభాషణను ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, దాని మీద నిపుణుడి సంతకం కూడా ఉండాలి.

తర్వాత కొట్టుకు, మందు కంపెనీకి, యాప్ నడిపేది వేరే సంస్థ అయితే దానికీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. తమ దగ్గరున్న సంభాషణ రికార్డు చెరపవద్దని అందులో రాయించడం మరవకండి. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా, మీరు ఉండేది ఇక్కడ కాబట్టి ఫిర్యాదు గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. గడువు రెండేళ్లు. మందులకు కట్టిన ధర 5 లక్షలు దాటదు కాబట్టి ఫీజు ఉండదు.

మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. ఆ యాప్‌తో ఇక వాదన పెట్టుకోవద్దని. అతను టైపు చేసే ప్రతి మాటా అవతలివాళ్ల దగ్గర రికార్డవుతుంది, అతను మాత్రం మనిషే.