విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి ఎన్ని రకాల చేపలు వస్తాయి? అవి తగ్గిపోతున్నాయా?

మీరు అడిగినవి మూడు: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఎన్ని రకాల చేపలు దిగుతాయి, అవి తగ్గుతున్నాయా, కొనుక్కునేవాళ్ళం ఏమైనా చేయగలమా. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం దాదాపు ఏడాది పాటు, వారానికి రెండు రోజులు, తెల్లవారుజామున ఆ జెట్టీ మీద టేపు, నోట్‌బుక్కు పట్టుకుని తిరిగినదాన్ని. నాకు తెలిసినంత చెప్తాను.

ఎన్ని రకాలు అన్నది ఎవరు లెక్కపెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. వేలం పాటలో వినపడే పేర్లు రాసుకుంటే నాకు నలభై కూడా రాలేదు: కోనెం, చందువ, కానాగంతలు, కవళ్ళు, సావళ్ళు, గులివిందలు, గొరకలు, పారలు, తూర, టేకు (రే చేప), సొర, ఇలా. అదే చేపని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే ఒక్కో పేరు కింద రెండు మూడు జాతులు, కొన్నిటి కింద ఇంకా ఎక్కువే బయటపడతాయి. మొదటి నెలంతా నేను పేర్లే రాసుకున్నాను. ఆ నెల డేటా మొత్తం దండగైంది.

నా తప్పు పట్టుకున్నది మా మేడమ్ కాదు, బుట్ట ముందు కూర్చున్న ఒక పెద్దావిడ. మూరెడు పొడవున్న రెండు కోనేలని కొలిచి ఒకే గడిలో రాస్తుంటే చూసి, "ఏటమ్మా, కళ్ళెట్టుకు సూడవా? ఇది ముసలిది, అది పిల్ల" అంది. రెండూ ఒకే పొడవు. ఒకదాని పక్కల మీద గుండ్రటి మచ్చలు, రెండోదాని మీద నిలువు చారలు. మచ్చల కోనెం చిన్న జాతి, సుమారు 40 సెంటీమీటర్లకే గుడ్లు పెట్టే వయసుకొస్తుంది. చారల కోనెం, అంటే హోటళ్ళలో వంజరం ఫ్రై అని పెద్ద ముక్కలుగా వచ్చేది, 70 సెంటీమీటర్ల దాకా ఎదిగితే గానీ గుడ్లు పెట్టదు. పుస్తకంలో ఈ రెండు అంకెలూ నేను చదివినవే, బుట్టలో పక్కపక్కన కనపడితే మాత్రం తట్టలేదు. (నల్ల చందువ సంగతీ ఇలాంటిదే. పేరుకే చందువ. తోక దగ్గర గరుకుగా ఉండే పొలుసుల వరస తడిమి చూడండి, అది పార చేపల కుటుంబానిది.)

మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. పేరు ఒకటే కాబట్టి కింద ఏం మాయమైనా పైకి తెలీదు. సొరనే తీసుకోండి. బాలింతకి సొర పిట్టు పెట్టాలని వచ్చే అమ్మకి ఏ సొరైనా సొరే. అందులో ముక్కు చప్పిడిగా, మొనదేలి ఉండే చిన్న సొర ఒకటి రెండేళ్ళలో పిల్లల్ని కనేస్తుంది, వలల్ని కాస్త తట్టుకుంటుంది. తల సుత్తిలా ఉండే సొరకి ఆ వయసు రావడానికి పదేళ్ళ పైమాటే. ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల్లో పెట్టింది. రెండిటినీ కలిపి 'సొర, ఇన్ని కిలోలు' అని రాస్తే, చిన్నది పెరిగి పెద్దది పోయినా అంకె అలాగే ఉంటుంది. నేను వెళ్ళిన రోజుల్లో సుత్తి తలవి దిగినవి తక్కువ, దిగినవాటిలో చాలావరకు మూరెడు పిల్లలే.

రంపం లాంటి ముక్కున్న చేపని అయితే నేను ఒక్కసారీ చూడలేదు. ఒక బోటు డ్రైవరు మాత్రం వాళ్ళ నాన్న తెచ్చిన రంపం చాలాకాలం ఇంట్లో గోడకి వేలాడేదని చెప్పాడు. ఆ చేపనీ, తిమింగల సొరనీ, సముద్రపు గుర్రాలనీ 2001లోనే వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, పట్టడం నేరం. చట్టం కాగితానికే పరిమితం అనుకునేదాన్ని. 2021 డిసెంబర్లో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలకి చిక్కిన తిమింగల సొరని జాలర్లు, అటవీ శాఖ వాళ్ళు కలిసి ప్రాణాలతో సముద్రంలోకి వదిలాక ఆ మాట అనడం మానేశాను.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. మంచిదే. కానీ నా ఉద్దేశంలో అసలు సమస్య వల కన్నుది, అంటే వల గళ్ళ సైజుది. నిషేధంలో పెరిగిన పిల్లల్ని జూన్ 15 తర్వాత సన్న కన్ను వలతో ఊడ్చేస్తే ఏం మిగిలినట్టు? జెట్టీ చివర చెత్త చేప కుప్పలు ఉంటాయి, కోళ్ళ మేతకీ చేపల పొడికీ పోయేవి. ఒకరోజు ఒక తట్టెడు తీసుకుని నేల మీద పరిచి ఏరాను. వేలెడు సావళ్ళు, గోరంత గొరక పిల్లలు, చిన్న పీతలు, అడుగున ఎండిపోయిన సముద్రపు గుర్రం ఒకటి. ఆ ఏడాదిలో నాకు ఎక్కువ జాతులు దొరికింది వేలం దగ్గర కాదు, ఆ కుప్పలోనే. వాటిలో చాలావాటికి పేరు అడిగితే "చెత్తే" అన్నారు.

ఇక కొనేవాళ్ళ సంగతి. వంజరం ముక్కలు కోయకముందే చేపని చూపించమనండి. నిలువు చారలుండి, 70 సెంటీమీటర్లు లేకపోతే వదిలేయండి, మచ్చలది తీసుకోండి. రుచిలో నాకైతే తేడా తెలీలేదు, మా అమ్మ ఒప్పుకోదు. సొర, టేకు తగ్గించి కానాగంతలు, కవళ్ళు తినండి. త్వరగా పెరిగే చేపలు, ధర కూడా తక్కువ.

స్వయంగా చూడాలనుకుంటే ఆదివారం వెళ్ళకండి, జనం తోసేస్తారు. మామూలు రోజు అయిదున్నరకల్లా, పాత చెప్పులేసుకుని వెళ్ళండి. బేరం ఆడకుండా కాసేపు బుట్టల దగ్గర నిలబడి అడిగితే, ఆ అమ్మలే ఏది ఏదో చెప్తారు.