రెండు దేశాల డబ్బూ ఒక్క ఫోన్లో పెట్టుకోకు

ప్రశ్న: అక్కా, మాది పాలకొల్లు. డాలస్ వచ్చి మూడు నెలలైంది. ఏ యాప్ తెరిచినా పాస్‌కీ పెట్టుకోమంటోంది. పెట్టుకోవచ్చా? నాది ఆండ్రాయిడ్. రూమ్మేట్లందరూ ఐఫోన్ కొనేయమంటున్నారు. పాస్‌వర్డులన్నీ ఫోనే గుర్తుపెట్టుకుంటుంది, పాస్‌వర్డ్ మేనేజర్ అని వేరే యాప్ ఎందుకంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: పాస్‌కీ పెట్టుకో చెల్లీ, అందులో అనుమానం అక్కర్లేదు. పాస్‌వర్డ్ టైపు చెయ్యకుండా వేలిముద్రతోనో ఫోన్ తాళంతోనో అకౌంట్లోకి వెళ్లే పద్ధతి అది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫోన్ గురించి అడిగావు, యాప్ గురించి అడిగావు. డబ్బు ఊసే ఎత్తలేదు. జీతం పడేది ఏ అకౌంట్లో, నాన్నగారికి పంపేది దేంట్లోంచి, ఇంటి దగ్గరున్న అకౌంట్‌కి ఓటీపీ ఏ నంబరుకి వస్తుంది? ఈ మూడూ తేలకుండా ఏ ఫోన్ మంచిదో చెప్పడం నావల్ల కాదు. మూడు నెలల్లో ఇవి తట్టవులే. నాకూ తట్టలేదు.

మాది రాజోలు దగ్గర. 2004లో ఈ దేశం వచ్చాను. మొదటి ఉద్యోగంలో వాళ్లిచ్చిన ఆఫీసు ఈమెయిల్ చూసి మురిసిపోయి, ఇక్కడి బ్యాంకుకీ, డబ్బు పంపే సర్వీసుకీ, మన ఊరి బ్యాంకుకీ అదే ఇచ్చేశాను. 2009 జనవరిలో ఒక ఉదయం పిలిచి ఉద్యోగం లేదన్నారు. మధ్యాహ్నానికి ఈమెయిల్ తెరుచుకోలేదు. అప్పటికి నాన్న కంటి ఆపరేషన్‌కి పంపిన డబ్బు దారిలో ఉంది. అది ఖరారు కావాలంటే ఈమెయిల్‌కి వచ్చిన లింకు నొక్కాలి. ఆ ఈమెయిల్ నాది కాదు, ఆఫీసుది. అది నాదేనని అయిదేళ్లు అనుకుంటూ వచ్చాను. నోటరీ సంతకాలు, పాస్‌పోర్ట్ కాపీలు, పోస్టులో ఉత్తరాలు, అన్నీ అయి డబ్బు చేరడానికి ఏడు వారాలు పట్టింది. ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా అన్నీ నేనే సర్దుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో డబ్బు వ్యవహారాలన్నీ నా చేతిలోనే ఉంటాయి.

అంత జాగ్రత్త నేర్చుకున్నాను కదా, మళ్లీ అదే తప్పు చేశాను. ఈసారి ఆఫీసు బదులు ఫోన్ కంపెనీ.

పాస్‌కీలు వచ్చిన కొత్తలో నాకు తెగ నచ్చాయి. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి వీటిని ముందుకు తీసుకెళ్తామని 2022 మేలో ప్రకటించాయి. అది మంచి పనే. పాస్‌వర్డ్ అయితే నకిలీ సైటు అడిగినా మనం టైపు చేసేస్తాం. డబ్బు పంపే సైటు పేరులో ఒక్క అక్షరం మార్చి వల వేసేవాళ్ల బారిన పడి ఒక నెల జీతం పోగొట్టుకున్న పిల్లవాడు నాకు తెలుసు. పాస్‌కీకి రెండు భాగాలుంటాయి. రహస్యమైనది నీ దగ్గర, బయటిది సైటు దగ్గర. సైటు ప్రతిసారీ ఒక కొత్త సవాలు పంపుతుంది, నీ ఫోన్ తన దగ్గరున్న భాగంతో సంతకం చేసి తిప్పి పంపుతుంది. నీ వేలిముద్ర ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు. పేరులో అక్షరం తేడా ఉన్న సైటుకి ఆ పాస్‌కీ అసలు పనిచెయ్యదు. బ్యాంకు వాళ్ల దగ్గరున్న భాగాన్ని దొంగలు ఎత్తుకెళ్లినా దానితో ఏమీ చెయ్యలేరు. అందుకే పెట్టుకో అన్నాను.

నేను చేసిన పొరపాటు వేరు. కనిపించిన ప్రతిచోటా "ఈ ఫోన్లోనే దాచు" అన్నదాన్ని నొక్కుకుంటూ పోయాను. అమెరికా నంబరు అదే ఫోన్లో ఈ-సిమ్‌గా, అంటే విడిగా తీసే చిప్ లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్‌గా ఉంది, పక్కనే ఇండియా సిమ్. ఇక్కడి డబ్బు, అక్కడి డబ్బు, పాస్‌కీలు, ఓటీపీలు, అన్నీ ఆ ఒక్క ఫోన్లోనే.

2024 భోగి నాడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్తున్నాం. పొద్దున్నే మంచు, అవతలి ఒడ్డు కనీకనిపించకుండా ఉంది. పిల్లలకి నది చూపిస్తూ ఫోటో తీద్దామని కమ్మీ మీంచి వంగాను. పక్కనున్న మోటార్ సైకిల్ హ్యాండిల్ మోచేతికి తగిలింది. ఫోన్ వశిష్ఠలో పడిన చప్పుడు కూడా ఇంజను మోతలో వినపడలేదు. పోతే పోయిందిలే, ఫోనే కదా అనుకున్నాను.

మర్నాడు పండగపూట అమ్మ తడి వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. భీమవరం తీసుకెళ్లాం. ఆపరేషన్‌కి ముందు డబ్బు కట్టాలన్నారు. కార్డుతో ఏటీఎంలో తీసింది మందులకీ పరీక్షలకీ సరిపోయింది. నా అకౌంట్లో దానికి పదింతలు ఉంది. ముట్టుకునే దారి లేదు.

అదే కంపెనీ కొత్త ఫోన్ భీమవరంలోనే కొన్నాను. నా అకౌంట్లోకి వెళ్లబోతే కోడ్ అమెరికా నంబరుకి పంపామంది. ఆ నంబరు గోదావరిలో ఉంది. మా తమ్ముడి ఫోన్లోంచి చూద్దామంటే అది వేరే కంపెనీది, నా పాస్‌కీలు అందులోకి రావు. అకౌంట్ తిరిగి ఇప్పించమని అర్జీ పెడితే కొన్ని రోజులు ఆగమని మెసేజ్. ఇండియా సిమ్ అయినా మళ్లీ తీసుకుందామంటే అది నాన్న పేరున ఉంది, నాన్న పోయి మూడేళ్లయింది. డబ్బు పంపే యాప్, పొదుపు అకౌంట్ రెండూ నా పేరనే ఉన్నాయి, మా ఆయన నా పక్కనే ఉండి కూడా ఏమీ చెయ్యలేకపోయారు.

ఆ సాయంత్రం మా బాబాయి తువ్వాల్లో చుట్టి లక్షా ఎనభై వేలు తెచ్చారు. కొబ్బరి దింపు డబ్బులు. నోటు రాస్తానంటే కోప్పడ్డారు. ఇరవై ఏళ్లుగా ఊళ్లో అవసరమైన వాళ్లకి నేనే పంపుతూ వచ్చాను. నా డబ్బు ఉండగా అమ్మ ఆపరేషన్‌కి చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. ఆ తువ్వాలు ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది చెల్లీ.

మూడో రోజు రాత్రి గుర్తొచ్చింది, డాలస్ ఇంట్లో పిల్లల పాత టాబ్లెట్ ఒకటి నా అకౌంట్‌తోనే ఉందని. మా ఇంటి తాళంచెవి పక్కింటి తమిళావిడ దగ్గర ఉంటుంది. తమ్ముడి ఫోన్ నుంచి ఆమెకి వీడియో కాల్ చేశాను. సోఫా కింద దొరికింది, చార్జింగ్ సున్నా. నలభై నిమిషాలు ఆగాక తెర వెలిగింది. ఇక్కడ కొత్త ఫోన్లో సైన్ ఇన్ నొక్కగానే అక్కడ టాబ్లెట్ మీద "అనుమతిస్తారా" అని వచ్చింది. ఆవిడ ఆరంకెలు ఒక్కొక్కటిగా చదివి చెప్పారు. ఆస్పత్రి వరండాలో నిలబడి అవి నొక్కుతుంటే నా వేళ్లు వణికాయి.

ఇది చదివి నీ రూమ్మేట్లు, బ్యాకప్ ఉంటుంది కదా ఆంటీ, అంటారు. ఉంది. ఉన్నా దాని దగ్గరకి వెళ్లే దారి ఆ కంపెనీ చేతిలో ఉంది. నాకు నచ్చనిది అదే. వాళ్ల ఫోన్ వాడినంతకాలం అంతా హాయిగా ఉంటుంది, పక్క కంపెనీకి మారదామంటేనే చిక్కు. పాస్‌వర్డులైతే కాగితం మీద రాసుకుని అయినా మారొచ్చు, పాస్‌కీని రాసుకోలేం. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి పాస్‌కీలు భద్రంగా మార్చుకునే పద్ధతి ముసాయిదాని, పాస్‌కీల ప్రమాణాలు తయారుచేసే సంస్థ ఫైడో అలయన్స్ 2024 అక్టోబరులో బయటపెట్టింది. 2025లో ఆపిల్ తన కొత్త ఐఓఎస్‌లో ఆ వీలు కల్పించింది. మంచి మార్పే, కానీ అన్నిచోట్లా రాలేదు. వచ్చేదాకా నీ డబ్బు ఆగదు.

కాబట్టి ఫోన్ నీకు నచ్చింది వాడుకో. ఐఫోన్ కోసం వాయిదాలు మొదలుపెట్టకు, ఆ డబ్బుతో చెయ్యాల్సిన పనులు వేరే ఉన్నాయి. పాస్‌వర్డులూ పాస్‌కీలూ మాత్రం రెండు రకాల ఫోన్లలోనూ, కంప్యూటర్‌లోనూ నడిచే పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టు. అన్నిటినీ ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్ తాళం కింద దాచే యాప్ అది. బిట్‌వార్డెన్ ఉచితంగా మొదలుపెట్టొచ్చు, వన్‌పాస్‌వర్డ్‌కి ఏటా డబ్బు కట్టాలి. ఆండ్రాయిడ్ 14, ఐఓఎస్ 17 నుంచి ఇలాంటి యాప్‌లలో కూడా పాస్‌కీలు దాచుకోవచ్చు. "ఎక్కడ దాచమంటావు" అని ఫోన్ అడిగినప్పుడు తొందరపడి నొక్కకుండా చూసుకుంటే చాలు. మేనేజర్లు కూడా దేవుళ్లు కారు. 2022లో లాస్ట్‌పాస్ నుంచి వాడకందార్ల పాస్‌వర్డ్ పెట్టెల కాపీలే పోయాయి. అందులోని పాస్‌వర్డులని తాళం వేసే దాచారు కానీ, మాస్టర్ పాస్‌వర్డ్ చిన్నదైతే ఆ తాళం ఎంతకాలం ఆగుతుంది? నీది పొడుగ్గా పెట్టుకో. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపితే చాలు. ఊరి పేరు, పుట్టినరోజు వద్దు.

దానితో పాటు వేలెడంత సెక్యూరిటీ కీలు రెండు కొనుక్కో. యుబీకీ లాంటివి. ఫోన్‌కో కంప్యూటర్‌కో తగిలిస్తే లోపలికి వెళ్లేది నువ్వేనని రుజువు చేస్తాయి. రెండూ కలిపినా నీ రూమ్ అద్దెలో పదోవంతు ఉండవేమో. ఈమెయిల్‌కీ మేనేజర్‌కీ రెండూ నమోదు చెయ్యి. నాది ఒకటి ఇక్కడ డ్రాయర్లో ఉంటుంది. రెండోది అమ్మ బీరువా తాళాల గుత్తికి కట్టాను. అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది, ఆ గుత్తి బొడ్లోంచి తియ్యదు. ఇది దేనిదే అని అడిగింది. నా డబ్బుదమ్మా అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఫోన్ పోయినా లోపలికి వెళ్లడానికి అకౌంట్లు ఇచ్చే రికవరీ కోడ్లు కూడా ప్రింటు తీసి ఆ బీరువాలోనే పాస్‌పోర్ట్ కాపీల కింద పెట్టాను.

ఇక ఇండియా నంబరు. ఇక్కడి బ్యాంకులూ అక్కడి బ్యాంకులూ చాలావరకు మెసేజ్ కోడ్ల మీదే నడుస్తున్నాయి, పాస్‌కీలు ఎంత బాగున్నా ఈ బాధ తప్పదు. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే నంబరు పోవచ్చు, రీచార్జి తేదీ క్యాలెండర్లో రాసుకో. నీ పాత సేవింగ్స్ అకౌంట్‌ని ఎన్నార్వోగా, అంటే విదేశంలో ఉండేవాళ్ల అకౌంట్‌గా మార్పించాలి. అమెరికా నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు 2023 నుంచి ఎన్నారై అకౌంట్లకి ఉంది. వీటి నియమాలు బ్యాంకు సైట్లలో ఉంటాయి, చదువుకో. అవి చదవడం నీకు చేతనవుతుంది.

ఇండియా సిమ్ మాత్రం రెండో పాత ఫోన్లో వెయ్యి, ఇప్పుడు వాడే ఫోన్లో వద్దు. అది ఎవరి పేరున ఉందో నీకు తెలుసా? మన వైపు పిల్లలు చాలామందికి సిమ్ నాన్న ఆధార్ మీదో అన్నయ్య ఆధార్ మీదో తీసి ఉంటుంది. డూప్లికేట్ కావాలంటే ఆ మనిషే వెళ్లాలి, తెచ్చాక కూడా మొదటి 24 గంటలు మెసేజీలు రావు. ఈ రాత్రి పడుకునే ముందు నాన్నగారికి ఫోన్ చేసి అడుగు, అప్పటికి పాలకొల్లులో తెల్లారి ఉంటుంది. ఆయన పేరునే ఉంటే, నువ్వు సెలవుకి వెళ్లినప్పుడు మొదటి రోజే ఇద్దరూ కలిసి వెళ్లి నీ పేరుకి మార్పించుకో.