తెల్లతల గద్ద గూడు గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆరు పేజీలూ రెండుసార్లు చదివాను. కాలిఫోర్నియాలో బిగ్ బేర్ సరస్సు దగ్గర, దాదాపు 145 అడుగుల ఎత్తున పైన్ చెట్టు మీదున్న గూడును హైదరాబాద్‌లో రాత్రంతా మేలుకుని లైవ్ కెమెరాలో చూశావంటే నీ ఇష్టం ఎంతటిదో నాకు తెలుసు. ఆడది జాకీ, మగది షాడో, ఈ జంటను నేనూ ఏళ్లుగా చూస్తున్నాను.

ముందు పేరు సంగతి. "బట్టతల డేగ" అని రాశావు. దాని తలనిండా తెల్లటి ఈకలే. ఇంగ్లిషులో దీన్ని "బాల్డ్ ఈగిల్" అంటారు, పాత ఇంగ్లిషులో ఆ "బాల్డ్" అనే మాటకు తెల్లమచ్చ ఉన్నదని అర్థం. తెల్లతల గద్ద అను. ఆ తెలుపు నాలుగైదేళ్లకు గానీ రాదని కూడా ఒక ముక్క చేర్చు.

"తల్లి కన్నీళ్లతో ఎదురుచూసింది" అన్నావు. కన్నీళ్లు నువ్వు చూడలేదు కదా, చూసింది రాయి. గుడ్ల దగ్గరికి వచ్చేటప్పుడు షాడో నడక గుర్తుందా? చేపను ఒడిసిపట్టే ఆ గోళ్లను లోపలికి ముడుచుకుని, పిడికిళ్ల మీద నడుస్తున్నట్టు మెల్లగా అడుగులేస్తుంది. ముక్కుతో గుడ్లను దొర్లించి, ఒళ్లు అటూ ఇటూ ఆడిస్తూ మీద సర్దుకుంటుంది. మా అమ్మమ్మ గంపలో గడ్డి పరిచి పొదగేసిన కోడి కూడా అచ్చం ఇలాగే సర్దుకునేది. కోడికి 21 రోజులు, ఈ గద్దకు 35 నుంచి 38.

2024 జనవరిలో జాకీ మూడు గుడ్లు పెట్టింది. ఫిబ్రవరి మంచులో దాదాపు 62 గంటలు గూడు వదలకుండా కూర్చుంది. గడువు దాటినా పిల్లలు రాలేదు. అయినా రెండూ వంతులు వేసుకుని ఏప్రిల్ దాకా పొదుగుతూనే ఉన్నాయి. దీనికి నువ్వు ఒకే ఒక్క వాక్యం ఇచ్చావు! నాకైతే నాలుగు పేజీలు అక్కడే కావాలి. మొదటి పేజీ నిండా పెట్టిన డీడీటీ అనే పురుగుమందు చరిత్రను కుదించి ఇక్కడికి తీసుకురా. ఆ మందు వల్ల పెంకులు పలచబడి, పొదిగే తల్లి బరువుకే చితికిపోయేవి. 1963లో అలాస్కా బయట అమెరికాలో 417 జతలే మిగిలాయి. 1972లో దాన్ని నిషేధించాక కోలుకుని, 2007లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి బయటపడ్డాయి. జాకీ పొట్ట కింద గుడ్లు ఉన్నప్పుడు ఇది చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

"గుడ్డు పగిలింది" అనకు. చేయి జారితే పగులుతుంది. పిల్ల ముక్కు కొసన చిన్న గట్టి మొన ఉంటుంది, దానితో లోపలినుంచి పొడుచుకుంటూ వస్తుంది. మొదట గోరంత చిల్లు, తర్వాత గంటల తరబడి పని. నువ్వు చూశావు, కానీ రాయలేదు.

2025 మార్చి 3, 4, 8 తేదీల్లో ముగ్గురు పిల్లలొచ్చారు. నెల మధ్యలో వచ్చిన మంచు తుఫానులో ఒకటి పోయింది. నువ్వు దాన్ని దాటేసి నేరుగా మిగిలిన పిల్లలు సన్నీ, గిజ్మో ఎగిరిన జూన్‌కి వెళ్లిపోయావు. చదివేవాళ్లు బాధపడతారని భయమేమో. ఆ రాత్రి టెన్షన్‌తో నాకూ నిద్ర లేదమ్మా, అందుకే అడుగుతున్నాను. తెల్లారి జాకీ లేచినప్పుడు కింద ఎన్ని తలలు కదిలాయో, షాడో ఏం తెచ్చిందో టైముతో సహా నీ నోట్‌బుక్‌లో ఉండే ఉంటుంది. ఆ పేజీని దిద్దకుండా అలాగే నాకు పంపు.