ఆ నీళ్లు ఎక్కడివో ముందు అడుగు

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన ప్రోగ్రాం అంతా విన్నాను. ఆగస్టు రెండో శనివారం పన్నెండు మంది ఆఫీసు స్నేహితులతో హైదరాబాద్ నుంచి బయలుదేరి రామప్ప, లక్నవరం చూడటం, రాత్రి తాడ్వాయిలో ఉండటం, ఆదివారం బొగత జలపాతం. తప్పకుండా రండి. ఆ నెలలో మన ములుగు అడవి ఎంత బాగుంటుందో చూసినవాళ్లకే తెలుసు. కానీ "యాప్‌లో ఎండ చూపిస్తోంది పెద్దబాపూ, టెన్షన్ ఏం లేదు" అన్నావు చూడు, అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ముప్ఫై ఏళ్లు లస్కరుగా చెరువుల తూములు తిప్పినవాణ్ణి. ఫోన్‌లో సగం చెప్పి సగం మరిచిపోతానని కూర్చుని రాస్తున్నాను.

ఆ యాప్ నువ్వు నిలబడ్డ చోట ఆకాశం ఎలా ఉందో చెబుతుంది. నీ ముందున్న వాగులోకి నీళ్లు అక్కడి నుంచి రావు. కాబట్టి ఏ నీటి దగ్గరకు పోయినా మొదట ఈ ప్రశ్న వేసుకో: ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఈ రెండు రోజుల్లో అక్కడ వాన ఎంత పడింది?

గోదావరినే చూడు. ఏటూరునాగారం దగ్గర రామన్నగూడెం ఘాట్‌లో ఎండ కాస్తుండగానే మెట్లు ఒక్కొక్కటిగా మునుగుతాయి. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగ నీళ్లు మోసుకుని ప్రాణహిత కాళేశ్వరం దగ్గర కలుస్తుంది. ఇంకా కిందకు వస్తే ఇంద్రావతి తోడవుతుంది. వాన పడేది విదర్భలో, బస్తర్‌లో. మునిగేది మనం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నది 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. పేపర్లో మేడిగడ్డ దగ్గర ప్రవాహం, భద్రాచలం దగ్గర నీటిమట్టం రోజూ వేస్తారు. ఒక్కరోజు అంకె చూస్తే ఏమీ తెలియదు, మూడు రోజులవి పక్కపక్కన పెట్టి చూడు. పెరుగుతూ ఉంటే ఘాట్‌లో కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగొద్దు.

వాగులతో భయం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అవి టైం ఇవ్వవు. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన ఒక్క రోజులో మన వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రాత్రే మోరంచవాగు మోరంచపల్లి మీద పడితే జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. జంపన్నవాగు పక్కన కొండాయిలో మనుషులే కొట్టుకుపోయారు. ఎండాకాలంలో ఆ వాగుల్లో మోకాలు కూడా తడవదు.

బొగత పడేది చీకుపల్లి వాగు మీద. పైన కొండల్లో కురిసిన వాన కాసేపటికి కింద జలపాతంలో కనిపిస్తుంది. ఉధృతి పెరిగితే ఫారెస్టు వాళ్లు లోపలికి పంపరు. ఇంత దూరం వచ్చామని వాళ్లతో వాదించొద్దు, వేరే దారిలో దిగే ప్రయత్నం అసలే చెయ్యొద్దు. తెరిచి ఉంటే మాత్రం వెళ్లగానే ఒడ్డున నీళ్ల అంచుకు ఒక పుల్ల గుచ్చిపెట్టు. పది నిమిషాలకోసారి దాన్ని చూడటం ఒకరి పని. పుల్ల వేలెడు మునిగినా అందరూ బయటకు వచ్చేయాలి. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడుతున్నా, ఆకులూ పుల్లలూ నురగా కొట్టుకొస్తున్నా, హోరు బరువెక్కినా కొత్తనీరు వస్తోందని అర్థం. అప్పుడు బట్టలు, చెప్పులు, ఫోన్లు ఏరుకుంటూ నిలబడొద్దు. ఇంకొకటి, చేపలు పట్టేవాళ్లు వలలు తీసేస్తుంటే ఎందుకని అడుగు. వాళ్లకు తెలిసినంత నాకు కూడా తెలియదు.

మత్తడి గురించి, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే గోడ గురించి నొక్కి చెప్పాలి. చెరువు నిండి మత్తడి దుంకుతుంటే పిల్లలందరూ దాని కింద నిలబడి తడుస్తారు, ఫోటోలు దిగుతారు. ఆ రాళ్ల మీద నాచు ఉంటుంది, కాలు నిలవదు. పై నుంచి పడ్డ నీళ్లు కింద గుంత తవ్వుతాయి. అందులో తిరిగే నీరు మనిషిని మళ్లీ మళ్లీ మత్తడి గోడ వైపే లాగుతుంది. ఈత వచ్చినవాడు కూడా బయటపడలేడు. దూరంగా కట్ట మీద నిలబడి చూడండి, అక్కడి నుంచే అందంగా ఉంటుంది.

చెరువు కదలకుండా ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మేస్తాం. రామప్ప, లక్నవరం, పాకాల మూడూ కాకతీయులు గుట్టల మధ్య కట్ట పోసి లోయను నింపిన చెరువులు. కట్ట దగ్గరే లోతు ఎక్కువ, రెండడుగులు వేస్తే మూడో అడుగుకు నేల అందకపోవచ్చు. శిఖం వైపు, అంటే కట్టకు ఎదురుగా నీళ్లు పరుచుకునే చోట, లోతు తక్కువే కానీ బురద. 2024 నవంబరులో పూడిక తీయడానికి వరంగల్ భద్రకాళి చెరువు నీళ్లు వదిలేశారు కదా, అప్పుడు చూశాను. ఇన్నేళ్లూ అద్దంలా కనిపించిన నీళ్ల కింద అంతా పూడికే. కాలు దిగబడితే లాక్కునేకొద్దీ ఇంకా దిగుతుంది.

ఇది రాయకూడదనుకున్నాను. మానేరులో నా దోస్తు కొడుకు పోయాడు. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అంతకుముందు ఎండాకాలం అక్కడే నడుము లోతులో ఈదాడు. ఆ తర్వాత అక్కడ ఇసుక తవ్వారు, వానలకు గుంతలు నిండాయి, పైన నీళ్లు మాత్రం ఎప్పటిలాగే కనిపించాయి. ఒడ్డున ఉన్నవాళ్లం చేతులు పైకి లేవడం చూశాం, అంతే. నిరుడు చూసిన లోతును ఈ ఏడు నమ్మొద్దు బిడ్డా.

లక్నవరంలో బోటు ఎక్కుతారు కదా, పొద్దున్నే ఎక్కండి. మధ్యాహ్నం తర్వాత మబ్బు పట్టి ఒక్కసారిగా గాలి లేచే అవకాశం ఎక్కువ. లైఫ్ జాకెట్ బెల్టులన్నీ బిగించుకోవాలి, వదులుగా ఉంటే నీళ్లలో పడగానే మెడ మీదకు ఎగదన్నుతుంది. నీళ్ల మీద తెల్ల నురగ అలలు కనిపించినా, ఉరుము వినిపించినా ఒడ్డుకు తిప్పమను. బోట్లు ఆపేశామంటే బతిమాలొద్దు.

దారిలో లోలెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే డ్రైవర్ ఎంత ధైర్యం చెప్పినా బండి దింపనివ్వకు. అడుగు లోతు పారే నీళ్లకే చిన్న కారు తేలిపోతుంది, కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పై నుంచి కనిపించదు. ఎవరైనా నీళ్లలో పడితే వెనకాలే దూకొద్దు. తాడు కానీ మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను కానీ విసరండి, 112కు ఫోన్ చెయ్యండి. బండిలో ఇరవై మీటర్ల తాడు ఒకటి పెట్టుకో.

శుక్రవారం సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. లక్నవరం డ్యూటీలో ఉన్న లస్కరును అడిగి చెరువు ఎన్ని అడుగులుందో, బొగత ఉన్న వాజేడు వైపు వాన ఎలా ఉందో కనుక్కుని చెబుతాను. బాగా లేదంటే ఆదివారం అందరూ మన ఇంటికే రండి. పెద్దమ్మ మక్కగారెలు చేస్తానంటోంది.

మీ పెద్దబాపు
గోవిందరావుపేట